గాలితో పాటు లోపలికి వచ్చే నీళ్లు

రోహిణి కార్తెలో గద్వాల మధ్యాహ్నాలు 42 డిగ్రీలు దాటుతాయి. ఆ వేళ కిటికీకి బిగించిన కూలర్ ముందు కూర్చుంటే ప్రాణం లేచొస్తుంది. శ్రావణంలో ముసురు పట్టాక బయట 30 డిగ్రీలే ఉంటుంది. కూలర్ అదే, గది అదే, పోసే నీళ్లూ అవే. అయినా స్విచ్ వేసిన కాసేపటికే ఒళ్లంతా జిగట, పక్కబట్టలకు చెమ్మ. వేడి తగ్గాక హాయి పెరగాలి కదా, ఎందుకు తగ్గుతోంది? ఈ చిక్కుముడి విప్పితే, మన ఇళ్లలోకి, బడుల్లోకి, ఆసుపత్రుల్లోకి తాజా గాలిని తక్కువ కరెంటుతో ఎలా తేవాలో చాలావరకు తెలిసిపోతుంది.

థర్మామీటర్ గాలి వేడిని చెబుతుంది గాని అందులో ఎన్ని నీళ్లున్నాయో చెప్పదు. మే మధ్యాహ్నం 42 డిగ్రీల ఎండలో గాలి తేమ 20 శాతం అనుకుందాం. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ పట్టణాలు సముద్ర మట్టానికి మూడు వందల మీటర్లకు పైగా ఎత్తున ఉన్నాయి. ఆ ఎత్తులో లెక్క కడితే కిలో గాలిలో ఉండే నీటి ఆవిరి దాదాపు 11 గ్రాములు. ఇక జూలైలో 30 డిగ్రీలు, 70 శాతం తేమ తీసుకోండి. కిలో గాలిలో దాదాపు 20 గ్రాములు! చల్లగా తోచే వానాకాలపు గాలి, మండుటెండ గాలి కన్నా ఇంచుమించు రెట్టింపు నీళ్లు మోస్తోంది. మేలో కూలర్ గడ్డిలోంచి దూరిన గాలి నీళ్లను ఆవిరి చేస్తూ తన వేడి పోగొట్టుకుని 27 డిగ్రీల దాకా దిగగలదు. జూలై గాలికి కూలర్ అంత పని చేసిపెట్టలేదు. దిగితే మూడు నాలుగు డిగ్రీలు దిగుతుంది, తేమ మాత్రం 90 శాతం దాటుతుంది. ఆ గాలిలో చెమట ఆరదు.

కాకినాడలోనో చెన్నైలోనో ఏడాదిలో ఎక్కువ కాలం ఉక్కపోతే. కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న నడిగడ్డకు, అక్కడి నుంచి నల్లమల అంచు దాకా విస్తరించిన ఈ పాత పాలమూరు నేలకు మూడు కాలాలూ మూడు రకాలు. ఎండాకాలం పొడి వేడి, వానాకాలం తడి వేడి, చలికాలం కిటికీలు తెరిస్తే చాలనిపించే గాలి. ఇక్కడ కట్టే భవనానికి ఏడాది పొడవునా ఒకే తీరుగా గాలి పంపే యంత్రాన్ని పెడితే, ఏదో ఒక కాలంలో అది కరెంటును ఊరికే తగలేస్తుంది.

2016 అక్టోబరు 11న ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా విడిపోయి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మూడూ జిల్లా కేంద్రాలయ్యాయి. అప్పటి నుంచి కొత్త కార్యాలయాలు, హాస్టళ్లు, ప్రైవేటు ఆసుపత్రులు, అపార్టుమెంట్లు లేస్తున్నాయి. వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో 2022 నవంబరులో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. ఇప్పుడు పోసే స్లాబులు మరో యాభై అరవై ఏళ్లు ఉంటాయి. అందుకే ఈ మాట ఇక్కడ, ఇప్పుడు చెప్పుకోవలసి వస్తోంది.

ముందుగా ఏసీ సంగతి. ఏసీ గదిలోకి బయటి గాలిని తెస్తుందని చాలామంది నమ్ముతారు. స్ప్లిట్ ఏసీ లోపలి యూనిట్ నుంచి గోడ దాటి వెళ్లేవి ఏమిటో ఒకసారి చూడండి. రెండు రాగి గొట్టాలు, కొన్ని కరెంటు తీగలు, నీళ్లు కారే ఒక సన్నని పైపు. గాలి వచ్చే దారే లేదు. గదిలో ఉన్న గాలినే అది లాక్కుని, చల్లబరిచి, అందులోని తేమను కొంత నీళ్లుగా కార్చి, మళ్లీ గదిలోకే వదులుతుంది. చల్లబరచడమే దాని పని, దాన్ని అది బాగానే చేస్తుంది. గాలి మార్చడం అనే రెండో పనిని మాత్రం మనం ఎవరికీ అప్పగించలేదు.

అప్పగించకపోతే ఏమవుతుంది? పది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవు, పది అడుగుల ఎత్తున్న పడకగదిలో సుమారు 34 ఘనపు మీటర్ల గాలి పడుతుంది. నిద్రలో ఉన్న పెద్ద మనిషి గంటకు దాదాపు 12 లీటర్ల కార్బన్ డయాక్సైడ్ వదులుతాడు. ఇద్దరు పడుకుని, తలుపులూ కిటికీలూ బిగించి, సందుల్లోంచి గంటకు గది గాలిలో మూడో వంతు కన్నా కాస్త తక్కువే మారుతోందనుకుందాం. బయటి గాలిలో ప్రతి పది లక్షల భాగాల్లో 420 చొప్పున ఉండే ఈ వాయువు, తెల్లవారేసరికి ఆ గదిలో 2,500 దాటుతుంది. ఆ మోతాదు విషమేమీ కాదు. కాని దాన్నిబట్టి ఇంకో సంగతి తేలుతుంది. ఆ గదిలో పీల్చే గాలిలో ఇంచుమించు ఇరవయ్యో వంతు, అప్పటికే ఎవరో ఒకరి ఊపిరితిత్తుల్లోంచి వచ్చినదే. ఇద్దరూ ఆరోగ్యవంతులైతే పొద్దున్నే తలబరువుతో సరిపోవచ్చు. ఒకరికి క్షయ ఉంటే, ఫ్లూ ఉంటే, ఆ ఇరవయ్యో వంతు రెండో మనిషికి ముప్పు తెస్తుంది. పాత చెక్క తలుపుల సందుల్లోంచి గాలి ఎంతో కొంత వచ్చిపోయేది. రబ్బరు అంచులతో బిగిసిపోయే ఇప్పటి యూపీవీసీ కిటికీలకు ఆ సందులూ లేవు. దుమ్ము రాకుండా అవి చేసే మేలు నిజమే, గాలి ఆగిపోవడమూ నిజమే.

మరి బయటి గాలిని లోపలికి తెస్తే ఖర్చెంత? నలభై మంది కూర్చునే ఏసీ తరగతి గదిని తీసుకుందాం. మనిషికి సెకనుకు 8 లీటర్ల చొప్పున తాజా గాలి ఇస్తే మొత్తం 320 లీటర్లు. జూలైలో 30 డిగ్రీల దగ్గర లోపలికి వచ్చే ఆ గాలిని 25 డిగ్రీలకు దించాలి. కిలోకు 20 గ్రాములున్న తేమను 11 గ్రాముల దగ్గరికి తేవాలి. అంటే గంటకు పది లీటర్లకు పైగా నీళ్లను గాలిలోంచి పిండి బయట పారబోయాలి. ఆవిరి నీరుగా మారేటప్పుడు వేడిని విడుస్తుంది. లీటరు ఆవిరి విడిచే వేడి దాదాపు 0.68 యూనిట్ల కరెంటుకు సమానం. లెక్క వేస్తే, గాలిని అయిదు డిగ్రీలు చల్లబరచడానికి తీయాల్సిన వేడి 2 కిలోవాట్ల లోపే, దానిలోని నీళ్లను పిండడానికి తీయాల్సినది మాత్రం 7 కిలోవాట్లకు పైన. మొత్తం భారంలో అయిదింట నాలుగు పాళ్లు నీళ్లదే! తాజా గాలి కోసమే రెండున్నర టన్నుల ఏసీ సామర్థ్యం కావాలన్న మాట.

అదే గదికి మే నెలలో లెక్క మారిపోతుంది. బయటి గాలి 42 డిగ్రీలున్నా దానిలోని నీళ్లు లోపలి గాలిలో ఉన్నన్నే. పిండాల్సిన తడి లేదు, తీయాల్సిందల్లా వేడి. అది 6 కిలోవాట్ల దగ్గర ఉంటుంది. పొడి ఎండాకాలం కన్నా చల్లటి ముసురు కాలంలోనే తాజా గాలి ఖరీదైనదని ఈ లెక్క చెబుతుంది. ఈ ఖర్చుకు భయపడే చాలా భవనాల్లో తాజా గాలి దారికి ఉండే మూతలను, అంటే డ్యాంపర్లను, మూసేసి పెడతారు. కరెంటు బిల్లు తగ్గినట్టు కనిపిస్తుంది. దాని మూల్యం లోపలున్న పిల్లలు, రోగులు, ఉద్యోగులు కడతారు. ఈ రాజీ నాకు ఏ కోశానా సమ్మతం కాదు, ఎందుకంటే ఈ ఖర్చును సగానికి పైగా తగ్గించే ఉపాయాలు ఇప్పటికే ఉన్నాయి.

మొదటిది, బయటకు వెళ్లే గాలి నుంచి చల్లదనాన్ని వెనక్కి తీసుకోవడం. గదిలోంచి పారబోసే పాత గాలి మురికిదే గాని చల్లగా, పొడిగా ఉంటుంది. దాన్ని తయారు చేయడానికి కరెంటు ఖర్చు చేశాం కదా! ఎనర్జీ రికవరీ వెంటిలేటర్ అనే పెట్టెలో లోపలికి వచ్చే గాలి, బయటకు వెళ్లే గాలి ఎదురెదురుగా పోతాయి. మధ్యలో కాగితం లాంటి పలుచని పొర ఉంటుంది. దానిలోంచి వేడి దాటుతుంది, నీటి ఆవిరి కూడా దాటుతుంది. కలుషితమైన గాలి మాత్రం చాలావరకు దాటదు. పెద్ద భవనాల్లో ఈ పొరకు బదులు తేమను పీల్చే పూత పూసిన చక్రం తిరుగుతుంది. బయటి గాలి తెచ్చిన వేడిలో, తేమలో మూడింట రెండు వంతులు వెళ్లిపోయే గాలికే అంటుకుని బయటకు పోతాయి. మన తరగతి గది లెక్కలో దీనివల్ల జూలైలో దాదాపు 6 కిలోవాట్ల భారం తగ్గుతుంది. ఏసీ కరెంటులో చూస్తే అది 2 కిలోవాట్లు. పెట్టెలోని రెండు ఫ్యాన్లకు మూడు నాలుగు వందల వాట్లు పోయినా మిగులు మిగులే. చలికాలంలో బయటి గాలే చల్లగా ఉంటుంది కాబట్టి ఆ పొరను తప్పించే పక్కదారి ఈ పెట్టెలో తప్పకుండా ఉండాలి. కొనేటప్పుడు అడగవలసిన మాట ఇది.

ఇంకా ముందుకు వెళ్లిన ఉదాహరణ హైదరాబాద్ శివారు పోచారంలో ఉంది. ఇన్ఫోసిస్ సంస్థ 2011లో అక్కడ ఒక కార్యాలయ భవనాన్ని అచ్చం ఒకేలా ఉండే రెండు సగాలుగా కట్టి, ఒక పరీక్షకు పెట్టింది. ఒక సగంలో మామూలు పద్ధతి, అంటే గాలిని చల్లబరిచి గొట్టాల ద్వారా పంపడం. రెండో సగంలో స్లాబు లోపల పైపులు వేసి చల్లటి నీళ్లు పారించారు. గది వేడిని కప్పే పీల్చుకుంటుంది. గాలి యంత్రానికి మిగిలిన పని, మనుషులకు కావలసినంత తాజా గాలిని తేమ తీసి అందించడం. రెండు సగాలకూ వేర్వేరు మీటర్లు. రెండేళ్లు కొలిచి చూస్తే, చల్లటి స్లాబు సగం దాదాపు మూడో వంతు తక్కువ కరెంటు వాడింది. కారణం సూటిగానే ఉంది. వేడిని మోయడానికి గాలి కన్నా నీళ్లు ఎంతో మేలు. గాలి చేత రెండు పనులూ చేయించబోతే పెద్ద ఫ్యాన్లు, పెద్ద గొట్టాలు, పెద్ద బిల్లు. పనులు విడదీస్తే రెండూ చౌక. ఇదే వాతావరణంలో కొలిచి చూపిన లెక్క కాబట్టి మన ఇంజినీర్లు దీన్ని విదేశాల ముచ్చటగా పక్కన పెట్టలేరు.

హైటెక్ సిటీ దగ్గర సీఐఐ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్‌ది మరో దారి. 2004 జూలైలో అప్పటి రాష్ట్రపతి అబ్దుల్ కలాం దాన్ని ప్రారంభించారు. దానికి రెండు గాలి గోపురాలున్నాయి. బయటి గాలి వాటిలో దిగుతూ ముందే చల్లబడి, ఆ తర్వాతే తాజా గాలిగా ఏసీ యంత్రాలకు అందుతుంది. ఇలా నీటిని ఆవిరి చేసి చల్లబరిచే పద్ధతి ఏదైనా మార్చి నుంచి మృగశిర దాకా వరమే, వానాకాలంలో దాని బలం తగ్గుతుంది. నడిగడ్డ ఎండలకు మాత్రం ఇది బాగా నప్పే ఆలోచన.

ఇంతవరకూ చెప్పింది ఏసీ భవనాల సంగతి. ఈ మూడు జిల్లాల్లో ఎక్కువ మంది బతికేది ఫ్యాను కింద, తెరిచిన కిటికీ పక్కన. వాళ్లకు ఎంత వేడి సుఖంగా ఉంటుందో ఊహించి చెప్పడం కాకుండా అడిగి రాసినవారు పరిశోధకురాలు ఇంద్రగంటి మాధవి. 2008 ఎండాకాలంలో, వానాకాలపు మొదట్లో ఆమె హైదరాబాద్‌లోని 45 ఫ్లాట్లలో వంద మందికి పైగా మనుషులను పదే పదే అడిగి, అదే సమయంలో గదుల్లో ఉష్ణోగ్రతలు కొలిచారు. చల్లగానూ లేదు, వేడిగానూ లేదు అనిపించిన స్థితి 29.2 డిగ్రీల దగ్గర తేలింది. సుఖంగా ఉందన్న పరిధి 26 నుంచి 32.5 డిగ్రీల వరకు ఉంది. ఫ్యాన్లు, తెరిచిన కిటికీలు, నూలు బట్టలు ఆ సుఖానికి ఆధారం. పై అంతస్తుల వాళ్లకు మాత్రం స్లాబు వేడి తప్పలేదు. కార్యాలయాల్లో 22 డిగ్రీలు పెట్టి శాలువా కప్పుకోవడానికి ఈ పరిశోధన గట్టి జవాబు. ఏసీని 27 దగ్గర ఉంచి పైన ఫ్యాను తిప్పితే చాలు. ఒక్కో డిగ్రీ పెంచినప్పుడల్లా సుమారు 6 శాతం కరెంటు మిగులుతుందని కేంద్ర ఇంధన సామర్థ్య సంస్థ బీఈఈ చెబుతోంది.

కాని ఫ్యాను ఉన్న గాలినే తిప్పుతుంది. కొత్త గాలికి దారి కిటికీయే. 2018 డిసెంబరులో కేంద్రం తెచ్చిన ఇళ్ల నిర్మాణ నియమావళి ఎకో నివాస్ సంహిత, నేల వైశాల్యంలో ఎంత భాగం మేర కిటికీ తలుపులు తెరుచుకోవాలో చెప్పింది. హైదరాబాద్ లాంటి మిశ్రమ వాతావరణానికి 12.5 శాతం, ఉక్కపోత ప్రాంతాలకు దాదాపు 16.7 శాతం. అంటే 120 చదరపు అడుగుల గదికి 15 నుంచి 20 చదరపు అడుగులు. ఇక్కడే స్లైడింగ్ కిటికీ మోసం చేస్తుంది. నాలుగడుగుల కిటికీ రెండు అడుగులే తెరుచుకుంటుంది. మేస్త్రీ కొలిచేది చట్రాన్ని, గాలికి దొరికేది సగమే. బయటకు తెరుచుకునే రెక్కల కిటికీ పెడితే అదే గోడలో అదే చోటుకు రెట్టింపు గాలి. ఆషాఢంలో ఇక్కడ పడమటి గాలి ఈల వేస్తూ వీస్తుంది. దానికి నైరుతి వైపు లోపలికి దారి ఉండి, ఈశాన్యం వైపు బయటకు దారి లేకపోతే గాలి గుమ్మం దగ్గరే ఆగిపోతుంది.

కప్పుకు దగ్గరగా ఉండే వెంటిలేటర్లను కొత్త ఇళ్లలో తీసేయడం నాకు బాధ కలిగిస్తుంది. మనుషుల ఒంటి వేడికి, దీపాల వేడికి తేలికైన గాలి పైకి లేస్తుంది. అక్కడ దారి ఉంటే పోతుంది, కింది కిటికీలోంచి కొత్త గాలి వస్తుంది. పాలమూరు మట్టి మిద్దెలకు గవాచి చేసిన పని ఇదే. మందపాటి గోడలు పగటి వేడిని ఆపేవి, పైకప్పులోని ఆ చిన్న కంత పొగను, వేడిని బయటకు పంపేది. ఆ మిద్దెలన్నీ స్వర్గాలని అనను. కిటికీలు చిన్నవి, లోపల చీకటి, వంటింట్లో ఆడవాళ్ల కళ్లు పొగకు మండేవి. ఒక్క కంత చాలేది కాదు. అలంపూర్ నవబ్రహ్మ ఆలయాల్లో గర్భగుడి చుట్టూ ప్రదక్షిణ చేసే దారికి చాళుక్య శిల్పులు రాతి జాలకాలు చెక్కారు. ఎండ తగలకుండా వెలుతురు, గాలి లోపలికి వస్తాయి. వనపర్తి రాజభవనంలో దశాబ్దాల పాటు పాలిటెక్నిక్ తరగతులు నడిచాయి. ఎత్తయిన కప్పు కింద నిండుగా పిల్లలున్నా గాలి బరువెక్కకపోవడానికి ఆ ఎత్తే కారణం.

ఎత్తయిన కప్పుల విలువను పెరూ దేశపు రాజధాని లిమాలో కొలిచారు. 2007లో వెలువడిన ఆ అధ్యయనంలో ఎనిమిది ఆసుపత్రుల గదుల్లో గాలి ఎన్నిసార్లు మారుతుందో చూశారు. 1950కి ముందు కట్టిన, పెద్ద కిటికీలూ ఎత్తయిన కప్పులూ ఉన్న వార్డుల్లో కిటికీలు తెరిస్తే గంటకు 40 సార్లు మారింది. 1970 తర్వాతి వాటిలో 17 సార్లు. యంత్రాలతో గాలి పంపే గదుల్లో 12 సార్లు. క్షయ సోకే ప్రమాదమూ పాత వార్డుల్లోనే బాగా తక్కువని లెక్క తేలింది. మన జిల్లా ఆసుపత్రుల ఓపీ హాళ్లకు, క్షయ వార్డులకు ఫాల్స్ సీలింగ్ వేసి, కిటికీలకు అద్దాలు బిగించి, ఏసీ పెట్టడం గొప్పగా కనిపించవచ్చు. శస్త్రచికిత్స గదులకు యంత్రాల గాలి తప్పనిసరి. దగ్గుతూ వరుసలో నిలబడే జనానికి మాత్రం ఎత్తయిన కప్పు, ఎదురెదురు కిటికీలు, పైన వెంటిలేటర్లు ఎక్కువ రక్షణ.

మగ్గం ఇళ్ల సంగతి వేరు. రాజోలిలో, అమరచింతలో గద్వాల చీర నేసే చోట గాలి మరీ పొడిబారకూడదు. నూలు పడుగు ఎండితే పోగులు పుటుక్కున తెగుతాయి. అందుకే గుంట మగ్గం. నేలలోని చెమ్మ పోగులకు అందుతుంది. ఈదురుగాలి దారాలను కదపకుండా కిటికీలు మూసుకుంటారు. ఇక నేతగాడు రోజంతా నూలు ధూళి ఉన్న గదిలో, ఉక్కలో కూర్చుంటాడు. ఇతనికి కావలసింది గాలి పారే కిటికీ కాదు. మగ్గానికి దూరంగా గోడ అడుగున లోపలికి ఒక చిన్న దారి, మగ్గం పైన కప్పు దగ్గర బయటకు మరో దారి ఉంటే, గాలి నెమ్మదిగా కింద నుంచి పైకి మారుతుంది, పడుగు కదలదు. పై దారిలో 30 వాట్ల చిన్న ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టినా రోజుకు పది గంటలు తిరిగితే కరెంటు యూనిట్‌లో మూడో వంతే. లోపలికి వచ్చే దారికి తడి గోనె కడితే ఎండాకాలంలో పోగులకు చెమ్మ కూడా దొరుకుతుంది. మగ్గం షెడ్లకు, ఇళ్లకు ప్రభుత్వ సాయం ఇచ్చేటప్పుడు ప్లానులో ఈ రెండు కంతలనూ గీయించాలి.

ఇప్పటికే కట్టిన ఇంట్లో ఏసీ గది ఉన్నవాళ్లకు నేను చెప్పేది తేలికే. పడుకునే ముందు పది నిమిషాలు తలుపులు, కిటికీలు బార్లా తెరవండి. రాత్రి బయటి కిటికీ తెరిచి ఏసీ నడిపితే వానాకాలంలో లోపలికి వచ్చిన తేమ చల్లటి గోడల మీద చెమర్చి బూజు పట్టిస్తుంది. దానికి బదులు హాలు వైపు తలుపును నాలుగు వేళ్ల సందు ఉంచితే, పడకగది గాలి ఇంటి మొత్తం గాలితో కలుస్తుంది. ఏసీ పెద్దది కొంటే మంచిదన్న మాట వినకండి. అవసరానికి మించిన ఏసీ గదిని చిటికెలో చల్లబరిచి ఆగిపోతుంది, నీళ్లు పిండేంత సేపు నడవదు. చల్లగా ఉన్నా జిగటగా ఉండే గదికి తరచూ కారణం ఇదే.

కొత్తగా కడుతున్నవాళ్లు స్లాబు పోసే ముందే ప్రతి పడకగది గోడలో కప్పుకు జానెడు కింద నాలుగంగుళాల పీవీసీ పైపు ముక్కలు రెండు, ఒకదానికొకటి దూరంగా, బయటి వైపు కాస్త వాలుగా పెట్టించాలి. బయట దోమల జాలీ, వాన పడని మూత. హైవే 44 పక్కన ఉన్న పెబ్బేరు, కొత్తకోట లాంటి ఊళ్లలో దుమ్ముకు ఫిల్టరు కూడా కావాలి. తర్వాతెప్పుడైనా చిన్న రికవరీ వెంటిలేటర్ కొంటే ఆ రంధ్రాలు సిద్ధంగా ఉంటాయి. గోడ కట్టేటప్పుడు ఆ రెండు ముక్కలకు అయ్యే ఖర్చు కొద్ది వందల రూపాయలు. పెయింటు వేశాక అదే గోడకు కోర్ కట్టింగ్ మిషన్ పిలిపించాలి.